అరికాలి చుక్కకి నేనివ్వని పాస్

"జబ్బుతో పోరాడి గెలిచావు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేనేం పోరాడలేదు. చెయ్యి చాపమంటే చాపాను, కూర్చోమంటే కూర్చున్నాను, తక్కిన కాలమంతా ఎదురుచూశాను. పోరాడినవి నా రక్తంలో తిరిగే కణాలు. వాటికి అడ్డం తొలగించింది మందు. నేను చేసిందల్లా జబ్బు ముందు గానీ, మా వాళ్ళ ముందు గానీ తల వంచకపోవడం. అదేం చిన్న పని కాదు, అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి మందులు ఇప్పుడు మన వాళ్ళకి కూడా ఇస్తున్నారు. మన ఇళ్ళలో అతి మామూలుగా జరిగిపోయే ఒక పొరపాటు నన్ను దాదాపు చంపేసింది. అది ఇంకో ఇంట్లో జరగకూడదు.

నా పేరు శైలజ. సొంతూరు కాకినాడ. దోహాలో ఉమ్ ఘువైలినా అనే పేటలో కాపురం. మెసైమీర్ వైపు ఒక కన్‌స్ట్రక్షన్ సైట్‌లో ఉద్యోగం. లోపలికి అడుగుపెట్టే ప్రతి మనిషికీ గేట్ పాస్ ఇచ్చే సెక్షన్ నాది. ఇక్కడి గుర్తింపు కార్డుని అందరం పతాకా అంటాం. పతాకా చూసి, ఫొటో మొహంతో పోల్చి, ఏ పని మీద వచ్చాడో కనుక్కుని, అప్పుడు పాస్. ఒకడి పాస్ మీద ఇంకొకడు లోపలికి వచ్చాడంటే ఆ రోజు నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. సైట్‌లో నాకు 'మాఫీ మేడం' అని పేరు. అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. పాస్ లేదా, అయితే ప్రవేశం మాఫీ.

అలాంటి నా ఒంట్లోకి, నా కళ్ళముందే, పాస్ లేకుండా ఒకటి దూరింది.

నిరుడు జనవరి

మా వైపు పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు దిష్టిచుక్క పెడతారు. బుగ్గ మీద పెడితే ఫొటోలు పాడవుతాయని ఇప్పుడు చాలామంది అరికాల్లో పెడుతున్నారు. నా పెళ్ళికి అమ్మ కూడా అరికాల్లోనే పెట్టింది, ఎడమ కాలికి, కాటుకతో. అందుకే చాలా ఏళ్ళ తర్వాత అదే కాలి మడమ దగ్గర ఒక నల్లచుక్క కనిపించినప్పుడు మా ఆయన రఘు నవ్వారు.

"మీ అమ్మగారి కాటుక ఇంకా పోలేదు శైలూ. ఏం బ్రాండో కనుక్కో."

వీడియో కాల్‌లో కాలు పైకెత్తి అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి మురిసిపోయింది. "అది పుట్టుమచ్చేనే. లేటుగా బయటపడింది. దేవుడే నీకు దిష్టిచుక్క పెట్టాడు, ఇంక నీ జోలికి ఎవరూ రారు" అంది. నేనూ మురిసిపోయాను. ఎవరికైనా కాలు నొప్పి అంటే నా అరికాలు చూపించి గొప్పలు పోయేదాన్ని.

చుక్క పెరిగింది. అంచులు చెదిరాయి, ఒక పక్క నీలంగా మారింది. పెద్ద చుక్క, పెద్ద రక్షణ అనుకున్నాం. జనవరి చలిలో ఒక ఉదయం ఆఫీసులో బూటు విప్పితే సాక్స్‌కి రక్తం అంటుకుని ఉంది. కంపెనీ క్లినిక్ డాక్టరు చూసి, తిరిగి చూసి, ఏమీ మాట్లాడకుండా పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. మాట్లాడే డాక్టరు మాట్లాడడం మానేస్తే ఎంత భయమేస్తుందో ఆ రోజు తెలిసింది.

ముక్క తీసి పరీక్షకి పంపారు. మెలనోమా అన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. మన రంగు వాళ్ళకి తక్కువే వస్తుందట, వస్తే అరికాల్లోనో గోరు కిందో నక్కి కూర్చుంటుందట.

కార్లో ఇంటికి వస్తూ రఘు అన్న మొదటి మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఎవరికీ చెప్పకు."

"ఎందుకు?"

"జనం ఏదో ఒకటి అంటారు. అరికాల్లో ఆనె కోయించుకున్నావని చెబుదాం."

సిగ్నల్ పచ్చబడినా ఆయన కారు కదిలించలేదు. అది చూసి సరే అన్నాను. ఇంటర్ చదివే మా అమ్మాయి మేఘనకి కూడా ఆనె అనే చెప్పాం. అది నా వంక చూసి, వాళ్ళ నాన్న వంక చూసి, "సరే" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆనెకి ఇద్దరు పెద్దవాళ్ళ మొహాలూ అలా వాడిపోతాయా అని అది అడగలేదు, అంతే.

రంజాన్ నెల

ఆపరేషన్ రంజాన్‌లో జరిగింది. మడమ దగ్గర చుక్కనీ, చుట్టూ ఉన్న కండనీ తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. ఆ తర్వాత స్కానింగ్.

స్కానింగ్ రోజు సాయంత్రం దాకా నా వంతు రాలేదు. ఉదయం నుంచి ఏమీ తినొద్దన్నారు. వెయిటింగ్ హాల్లో నా పక్కన నల్లటి అబాయా వేసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. నా పని అయ్యి బయటికొచ్చేసరికి పొద్దు కుంకుతోంది. మసీదు నుంచి బాంగు వినిపించింది. ఆవిడ సంచీలోంచి ఖర్జూరాల డబ్బా తీసి, తాను ఒకటి నోట్లో వేసుకోబోయే ముందు, మూత తీసిన డబ్బా నా ముందు పెట్టింది. నేను ఉపవాసం కాదని చెప్పబోయాను. ఆమెకి నా భాష రాదు, నాకు ఆమెది రాదు. ఆమె నా పెదాలు చూసింది. ఎండిపోయి ఉన్నాయి. అంతకన్నా ఆమెకి ఏమీ తెలియక్కర్లేదనిపించింది. మూడు ఖర్జూరాలు తిన్నాను. ఆ రోజు నా జబ్బు గురించి నన్ను ఏమీ అడగని మనిషి ఆమె ఒక్కతే.

స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. చిన్నవే, కానీ ఉన్నాయి. ఆ రాత్రి మా ఇంట్లో యుద్ధం జరిగింది.

"ఉద్యోగానికి రాజీనామా ఇచ్చెయ్. నిన్నూ పాపనీ హైదరాబాద్ పంపించేస్తాను. అక్కడ అక్కయ్య వాళ్ళున్నారు, చూసుకుంటారు" అన్నారు రఘు.

"చూసుకోవడానికి నేనేమైనా కుండీలో మొక్కనా?"

"వెటకారాలు వద్దు శైలూ."

"వెటకారం కాదు. నా డాక్టరు ఇక్కడుంది, నా మందు ఇక్కడుంది, నా ఉద్యోగం ఇక్కడుంది. నా కూతురి పరీక్షలు ఇక్కడున్నాయి. మీకు నన్ను చూస్తే భయం వేస్తోంది. ఆ భయాన్ని విమానం ఎక్కించి పంపేద్దామని మీ ఆలోచన. నేను వెళ్ళను."

ఆ మాట చాలా కటువైనదే. నిజం కూడా. ఆయన బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు. నేను కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, ఆకలి లేకపోయినా అన్నం పెట్టుకుని తిన్నాను. చచ్చేదాన్ని కాదని ఎవరికైనా చూపించాలనిపించింది, కనీసం గిన్నెలకైనా.

ఏప్రిల్

డాక్టర్ హనా సుడాన్ మనిషి. నా వయసే ఉంటుంది. తొందరపడి మాట్లాడదు, ఆశ పెట్టదు, భయపెట్టదు. మందు మొదలుపెట్టే ముందు నన్నూ రఘునీ కూర్చోబెట్టి ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చెప్పింది.

"మీ రక్తంలో టి-కణాలని ఉంటాయి. కాపలావాళ్ళలాగా ఒళ్ళంతా తిరుగుతూ ఎదురైన ప్రతి కణాన్నీ తడిమి చూస్తాయి. ఆ టి-కణం పైపొర మీద రకరకాల ప్రొటీన్లు ఉంటాయి. కొన్ని 'పట్టుకో' అని దాన్ని ఉసిగొల్పుతాయి. కొన్ని 'ఆగు' అని వెనక్కి లాగుతాయి. మీ సొంత కణాలు తమ పైపొర మీదున్న ఒక ప్రొటీన్‌ని తెచ్చి ఆ 'ఆగు' ప్రొటీన్‌కి తగిలిస్తాయి. అది తగలగానే కాపలావాడు చల్లబడి, మనవాళ్ళే అనుకుని ముందుకి వెళ్ళిపోతాడు."

"మరి నా చుక్క?"

"క్యాన్సర్ కణం కూడా అదే ప్రొటీన్‌ని తన ఒంటి మీద మొలిపించుకుంటుంది."

"అంటే దొంగ పాస్" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. నా ఉద్యోగమేమిటో రఘు చెప్పారు. ఆమె మొదటిసారి నవ్వింది. "అవును, దొంగ పాస్. మేమిచ్చే మందు కాపలావాడి మీదున్న 'ఆగు' ప్రొటీన్‌ని కప్పేస్తుంది. ఇంక ఎవరు ఏ పాస్ చూపించినా అతను ఆగడు, పట్టుకుంటాడు."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వేలమంది పాస్‌లు తనిఖీ చేసిన దాన్ని నేను. నా ఒంట్లోనే, నా కాపలావాళ్ళకే దొంగ పాస్ చూపించి ఇది ఊపిరితిత్తుల దాకా నడిచి వెళ్ళిందా? భయం ఎటు పోయిందో తెలియదు. ఎలాగైనా దాన్ని గేటు బయటికి గెంటాలన్న కసి పట్టుకుంది.

డాక్టర్ హనా ఇంకా చెబుతోంది. "ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. మీ మంచి కణాలు అసలు పాస్ చూపించినా అతను ఆగకపోవచ్చు. చర్మం మీద, పేగుల మీద, ఊపిరితిత్తుల మీద, ఎక్కడైనా తిరగబడొచ్చు. ఒంట్లో ఏ కొత్త తేడా కనిపించినా వెంటనే ఫోన్ చెయ్యాలి. చిన్నదే అనుకోకూడదు."

సరే అన్నాను. మొదటి సగం గుండెతో విన్నాను, రెండో సగం చెవులతో విన్నాను.

మూడేసి వారాలకోసారి డ్రిప్. మడమ ఇంకా పూర్తిగా మానలేదు కాబట్టి కంపెనీ వ్యాన్‌లోనే ఆసుపత్రికి, అక్కడి నుంచి ఆఫీసుకి. వ్యాన్ డ్రైవరు లింగన్న జగిత్యాల వాడు. నా జబ్బేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. నా సీటు ముందు మాత్రం కాలు పెట్టుకోవడానికి ఒక చిన్న పీట తెచ్చి కట్టాడు. దారంతా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు.

"మా ఇంటిది ఇప్పటికీ మా ఆయన దుబాయ్ల ఉంటడు అనే చెప్తది మేడం. దోహ అని నేను మస్తు సార్లు చెప్పిన. రెండూ ఒక్కటే గదా, ఎడారే గదా అంటది."

నేను నవ్వేదాన్ని. డ్రిప్ కుర్చీకి పోతూ నవ్వడం కూడా ఒక తిరుగుబాటే అనిపించేది.

ఎండాకాలం

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

జూన్ వచ్చింది. దోహాలో జూన్ అంటే తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంటుంది. నాకు ఒళ్ళంతా దురద మొదలైంది. వీపు మీద, చేతుల మీద ఎర్రగా పొక్కింది. కింది ఫ్లాట్‌లో ఉండే సునీత వాళ్ళది నిజామాబాద్. చూడగానే తేల్చేసింది.

"అక్కా, గిది ఉత్త వేడే. ఒంట్ల వేడి చేసింది. సబ్జ గింజలు నానవెట్టి తాగు, రెండు దినాలల్ల తగ్గుతది."

వేడి. ఆ మాట వినగానే ఎంత హాయిగా అనిపించిందో. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. నోట్లో పుండు లేస్తే వేడి, కళ్ళు మండితే వేడి, మొటిమ వస్తే వేడి, ముక్కులోంచి రక్తం కారితే వేడి. వేడి చెయ్యడం మా ఇళ్ళలో జబ్బు కాదు, వాతావరణం. దానికి డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్ళరు, వంటింట్లోకి వెళ్తారు. ఈ ఎండల్లో సైట్ ఆఫీసుకి తిరుగుతున్నదానికి వేడి చెయ్యకపోతేనే వింత.

సబ్జా గింజలు తాగాను. బార్లీ నీళ్ళు తాగాను. నోట్లో పుళ్ళు లేచాయి, అవీ వేడే. తర్వాత విరేచనాలు మొదలయ్యాయి. అమ్మ ఫోన్‌లో ఒకటే మందలింపు.

"ఏంటే, ఆ ఎండల్లో పడి తిరిగితే వేడి చెయ్యదా? మెంతులు మజ్జిగలో నానబెట్టుకుని తాగు. సగ్గుబియ్యం జావ కాచుకో. పచ్చళ్ళ జోలికి పోకు."

డ్రిప్ రోజున ఫిలిప్పీన్స్ నర్సు చేతికి సూది గుచ్చుతూ అడిగింది, మందు వల్ల ఇబ్బందులేమైనా ఉన్నాయా అని. లేవన్నాను. అబద్ధం చెప్పానని నేను ఇప్పటికీ అనుకోను. మందు వల్ల అని కదా ఆమె అడిగింది. నాకున్నవి మందు వల్ల కాదు, వేడి వల్ల. దురద, నోటిపూత, విరేచనాలు, మూడింటికీ అమ్మ ఒక్క పేరు పెట్టేసింది. డాక్టర్ హనా చెప్పిన 'తేడా' ఆ పేరు చాటున దాక్కుంది.

ఇంకొక డ్రిప్ కూడా పడింది. ఆ తర్వాత పరిస్థితి బాగా దిగజారింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాత్రూమ్‌కీ మంచానికీ మధ్యే తిరిగేదాన్ని. రఘు డాక్టరుకి చెబుదామన్నారు. "విరేచనాలకి క్యాన్సర్ డాక్టరుని పిలుస్తారా, నవ్విపోతారు" అని నేనే కసిరాను. మజ్జిగ మీద మజ్జిగ తాగాను.

ఒక పొద్దున, వద్దంటున్నా వినకుండా, డ్యూటీకి బయల్దేరాను. వ్యాన్ ఎక్కిన కాసేపటికి కడుపులో కత్తి తిప్పినట్టయింది. సీటు పట్టుకున్నాను. లింగన్న అద్దంలోంచి చూశాడు.

"అక్కా, ఏమైంది? మొహం తెల్లగ పాలిపోయింది."

అప్పటిదాకా మేడం అనేవాడు. నేను ఏమీ లేదనబోయి సీటులోకి ఒరిగిపోయాను. అతను వ్యాన్ పక్కకి తీసి, వెనక్కి వచ్చి, నా చెయ్యి పట్టి చూసి, మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఆఫీస్ మాఫీ ఇయ్యాల. సీదా ఆస్పత్రికే పోతున్నం. రఘు సార్‌కు నేను ఫోన్ జేస్త. నువ్వు కండ్లు మూసుకో అక్కా, పరేషాన్ గాకు."

సీటు పాడైంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అతను ఆ మాటే ఎత్తలేదు, ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. ఈ భూమ్మీద మంచితనం ఉందా అని ఎవరైనా అడిగితే నేను ఆ వ్యాన్ సీటు గురించి చెబుతాను.

ఆసుపత్రి మంచం

కళ్ళు తెరిచేసరికి రెండు చేతులకీ సెలైన్లు ఉన్నాయి. డాక్టర్ హనా మంచం పక్కన నిలబడి ఉంది. ఎప్పటి నుంచి అని అడిగింది. వేడి చేసిందండీ అని, ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలియక, నా బాడీ హీట్ అయింది అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"మీ ఒళ్ళు చల్లగా ఉంది శైలజా. మీకు వేడి చెయ్యలేదు. మీ కాపలావాళ్ళు మీ పేగు మీద పడ్డారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే పేగుకి చిల్లు పడేది."

స్టెరాయిడ్లు ఎక్కించడం మొదలుపెట్టారు. మందు ఆపేశామని చెప్పింది. మళ్ళీ ఎప్పుడిస్తారని అడిగాను. ఇంక ఇవ్వమంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. మెలనోమా అన్నప్పుడు కూడా నేను ఏడవలేదు. ఆ రోజు గొంతెత్తి ఏడ్చాను. ఎందుకంటే లెక్క నాకు స్పష్టంగా అర్థమైంది. స్టెరాయిడ్లు ఏం చేస్తాయి? రెచ్చిపోయిన కాపలావాళ్ళని పడుకోబెడతాయి. వాళ్ళు పడుకుంటే ఊపిరితిత్తుల్లో ఉన్న దొంగ మళ్ళీ తన పాస్ ఊపుకుంటూ తిరుగుతుంది. ఇన్నాళ్ళూ నేను నమ్ముకున్నది ఆ మందునొక్కదాన్నే. దాన్ని మజ్జిగ గ్లాసులో పోసి పోగొట్టుకున్నాను.

"వద్దు. స్టెరాయిడ్లు వద్దు. నా పేగు పోతే పోనీ, వాళ్ళని నిద్రపుచ్చకండి" అన్నాను.

"మీరు బతికి ఉంటేనే కదా వాళ్ళతో మనకి పని" అంది ఆమె. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మందు ఆగింది. కానీ ఒకసారి దొంగని గుర్తుపట్టిన కాపలావాడు కొన్నిసార్లు మర్చిపోడు. మందు లేకపోయినా పని చేస్తూనే ఉంటాడు. అందరిలో అలా జరగదు. మీలో జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. చూడాలి."

రఘు తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఆమె వెళ్ళాక వచ్చి మంచం అంచున కూర్చుని, నా కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. నాకు జాలి వేసింది, కోపం వచ్చింది, ఆయన మీద ఎక్కడ లేని ప్రేమా పుట్టుకొచ్చింది. మూడూ ఒకేసారి.

"ఇంక ఆనె అనొద్దు. ఎవరికీ అనొద్దు. దాచడం ఆ జబ్బు పని. మనం కూడా అదే పని చేస్తే ఇంక దానికీ మనకీ తేడా ఏముంది?" అన్నాను.

మర్నాడు మేఘన వచ్చింది. చెబుదామని నోరు తెరిచాను. అది చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు జనవరి నుంచే తెలుసమ్మా. మీరు ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా" అని, నా దుప్పటి సర్ది, పక్కన కూర్చుని పుస్తకం తీసింది. మాకన్నా అదే నయం.

సెప్టెంబర్, అక్టోబర్

స్టెరాయిడ్ మాత్రలు నెమ్మదిగా తగ్గిస్తూ వచ్చారు. నా మొహం పూర్ణంబూరెలా ఉబ్బింది. కళ్ళు చిన్నవైపోయాయి, మెడ మాయమైంది. క్యాన్సర్‌కి ఏ మందూ లేదు. ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో తెలిసే దారీ లేదు. తర్వాతి స్కాన్ దాకా ఆగాలి. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని డాక్టర్‌ని ఒప్పించి సెప్టెంబర్‌లో డ్యూటీకి వెళ్ళాను.

సైట్ గేటు దగ్గర నేపాలీ సెక్యూరిటీ గార్డు దీపక్ నన్ను ఆపాడు. నేను దగ్గరుండి పని నేర్పిన మనిషి. నా కార్డు చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"సారీ మేడం. యే ఫొటో ఆప్‌కా నహీ హై. పతాకా దిఖాయియే."

కార్డు మీద ఫొటో నాది కాదట. వెనక లింగన్న గట్టిగా ఏదో అనబోయాడు. నేను ఆపి, పతాకా తీసి ఇచ్చాను. దాంట్లో ఫొటో కూడా పాత మొహమే. దీపక్ లోపలికి ఫోన్ చేసి, మా సూపర్‌వైజరుని పిలిపించి, ఆయన వచ్చి నన్ను గుర్తుపట్టాకే గేటు తీశాడు. నేనేనని తెలిశాక దీపక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉద్యోగం పోయిందనుకున్నాడు పాపం. నేను నవ్వాను, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫొటో కలవకపోతే ఆపాలి, నిజం తేలితే వదలాలి. ఈ రెండూ తెలిసినవాడు ఒక్కడు నా పేగుల దగ్గర ఉండుంటే నాకీ బాధ తప్పేది. దీపక్‌కి ఆ నెల మెచ్చుకోలు ఉత్తరం నేనే దగ్గరుండి ఇప్పించాను.

బతుకమ్మ రోజు సునీత బలవంతం మీద స్కూల్ గ్రౌండ్‌కి వెళ్ళాను. దూరంగా కూర్చుని చూస్తున్నాను. తెలిసినావిడ ఒకరు పళ్ళెంలో సద్దుల ప్రసాదం వడ్డిస్తూ, పదిమంది వినేలా, "బాగా ఒళ్ళు చేశావమ్మా, దోహా నీళ్ళు బాగా పడ్డాయి" అంది.

రఘు నా పక్కనే ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నారు.

"నీళ్ళు కాదండీ, స్టెరాయిడ్లు. మా ఆవిడకి క్యాన్సర్. మెలనోమా. వైద్యం జరుగుతోంది."

ఆవిడ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. నేను పళ్ళెం ముందుకి జరిపి, "నువ్వుల సద్ది ఇంకొంచెం వేయండి, నా కడుపు ఇప్పుడు బాగానే ఉంది" అన్నాను. సునీత అక్కడే ఏడ్చేసింది. వేడి అన్నది తనే కదా అని పాపం లోపల్లోపల కుమిలిపోతోందట. తన తప్పేముంది, మా అమ్మా అదే అంది, నేనూ అదే నమ్మాను. ఇంటికి వచ్చేలోపు ముగ్గురు ఆడవాళ్ళు నన్ను పక్కకి పిలిచి తమ ఒంటి మీద మచ్చలు చూపించారు. ముగ్గురినీ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. వాళ్ళు వెళ్ళేదాకా ఊరుకోలేదు కూడా.

నవంబర్

స్కాన్ ఫలితం రోజు నేనూ రఘూ వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం. గోడ మీద టీవీలో ఏదో వంట చూపిస్తున్నారు. మందు తీసుకుని చాలా కాలమైంది. నా లోపల ఉన్నవాళ్ళు మేలుకుని ఉన్నారో పడుకున్నారో ఈ తలుపు వెనక తేలుతుంది. నాకు భయం వేసింది. అది దాచను. అయినా ఒకటి అనుకున్నాను: వాళ్ళు పడుకున్నా సరే, నేను పడుకోను. ఇంకో మందు అడుగుతాను, అదీ లేకపోతే ఇంకోటి అడుగుతాను.

డాక్టర్ హనా తెర మా వైపు తిప్పింది. ఒక పక్క రంజాన్‌లో తీసిన బొమ్మ, ఒక పక్క ఇప్పటిది. అప్పుడు మచ్చలున్న చోట ఇప్పుడు వెతకాల్సి వచ్చింది. కొన్ని మాయమయ్యాయి. మిగిలినవి సగానికి సగం చిక్కిపోయాయి.

"మర్చిపోలేదు వాళ్ళు" అంది ఆమె.

మందు లేదు. స్టెరాయిడ్లు కూడా వచ్చిపడ్డాయి. అయినా నా కాపలావాళ్ళు దొంగ మొహం గుర్తుపెట్టుకుని, ఎవరూ చెప్పకుండా, డ్యూటీ చేస్తూనే ఉన్నారు. రఘు నా చెయ్యి పట్టుకున్నారు. నేను అడిగిన మొదటి మాట, వాళ్ళు ఎన్నాళ్ళు ఇలా చేస్తారని. తెలియదంది. మూడు నెలలకోసారి చూస్తూ ఉందామంది. సరే అన్నాను. తెలియదని చెప్పే మనిషిని నమ్మడం నేను ఆ ఏడాదిలోనే నేర్చుకున్నాను.

ఇప్పుడు

ఈ మధ్య తీసిన స్కాన్‌లోనూ కొత్తవేమీ లేవు. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. మడమ ఇంకా లాగుతుంది, కడుపు ఇంకా అలుగుతుంది. ఒంట్లో ఏ తేడా వచ్చినా ఇప్పుడు ముందు ఫోన్ చేస్తాను, తర్వాతే మజ్జిగ కలుపుకుంటాను. ఈ మందు మీదున్న వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మీరూ అంతే చెయ్యండి. ఎవరైనా వేడి అంటే నన్ను తలుచుకోండి.

స్కాన్ సంగతి విని అమ్మ వీడియో కాల్‌లో కళ్ళు తుడుచుకుంది. "నా తల్లే, ఊళ్ళో వాళ్ళ కళ్ళన్నీ నీ మీదే ఉన్నాయి. ఈసారి నేను చెప్పినట్టు విను. కాటుక తీసుకుని అరికాల్లో చిన్న దిష్టిచుక్క పెట్టుకో, ఎవరికీ కనపడదు."

"అమ్మా, అరికాల్లో ఇంకో నల్లచుక్క మాట ఎత్తావంటే ఫోన్ పెట్టేస్తాను."

అమ్మ గతుక్కుమంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చుక్క చూసి మురిసిపోయిన సంగతి తనకీ గుర్తొచ్చిందని తెలిసింది. నాకు మనసు ఒప్పలేదు. మేఘన కాటుక డబ్బా తీసుకుని, ఫోన్ ఎదురుగా నిలబెట్టి, అమ్మ చూస్తుండగా, కుడి బుగ్గ మీద, ఉబ్బు ఇంకా పూర్తిగా తగ్గని ఆ బుగ్గ మీద, వేలి కొసంత చుక్క పెట్టుకున్నాను. అందరికీ కనపడేలా. తుడవకుండా అలాగే డ్యూటీకి బయల్దేరాను. లింగన్న అద్దంలో చూసి నవ్వు ఆపుకున్నాడు.

గేటు దగ్గర దీపక్ ఈసారి నన్ను గుర్తుపట్టాడు. అయినా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడం, గాల్ పే కుచ్ కాలా లగా హై" అన్నాడు.

బుగ్గ మీద నల్లగా ఏదో అంటుకుందట.

"మాలూమ్ హై" అన్నాను. "దీనికి పాస్ నేనే ఇచ్చాను. గేటు తియ్."